పేరు లేని ఓడ, పేర్లు లేని మనుషులు: మార్టినిక్ తీరంలో కాప్ 110 స్మారకం

కరీబియన్ దీవి మార్టినిక్‌కు దక్షిణపు అంచున లె డియమాన్ అనే చిన్న ఊరుంది. ఊరు దాటి పడమరగా కొంత దూరం వెళ్తే అన్స్ కఫార్ అనే చోట, సముద్రం వైపు వాలుగా ఉన్న పచ్చికలో 15 తెల్లటి విగ్రహాలు కనిపిస్తాయి. ఒక్కోటి రెండున్నర మీటర్ల ఎత్తు, నాలుగు టన్నుల బరువు. అన్నీ కాంక్రీటువే. పీఠాలు లేవు, నేలలోంచే లేచినట్టు ఉంటాయి. భుజాలు జారి, తలలు కిందికి వంగి, చేతులు ఒంటికి అతుక్కుని ఉంటాయి. అన్నీ ఒకే వైపు చూస్తుంటాయి. మార్టినిక్ శిల్పి లోరాన్ వలేర్ 1998లో కట్టిన ఈ స్మారకం పేరు ‘కాప్ 110’. కాప్ అంటే ఓడ పట్టిన దిశ. దిక్సూచిలో 110 డిగ్రీలు, అంటే తూర్పు నుంచి కాస్త దక్షిణానికి. అటే అట్లాంటిక్ అవతల పశ్చిమాఫ్రికాలోని గినీ అఖాతం ఉంది. 1830 ఏప్రిల్ 8 రాత్రి ఇక్కడి బండలకు కొట్టుకుని ముక్కలైన ఓడలోని బందీలను ఆఫ్రికా నుంచే ఎత్తుకొచ్చారు.

ఓడ ప్రమాదాల స్మారకాలు సాధారణంగా ఓడ పేరుతో మొదలవుతాయి. తర్వాత తేదీ, ఆ తర్వాత పోయినవాళ్ల పేర్లు వరుసగా ఉంటాయి. వచ్చిన బంధువు తన ఇంటి పేరు వెతుక్కుని, దాని మీద వేలు ఆనించి నిలబడతాడు. అన్స్ కఫార్‌లో అలా వెతుక్కోవడానికి ఏమీ లేదు. ఆ ఓడ పేరు తెలియదు, అది ఏ దేశానిదో తెలియదు. అందులో చనిపోయిన బందీల్లో ఒక్కరి పేరు కూడా అక్కడ లేదు. ఈ తెలియకపోవడం కాలం గడిచి రికార్డులు చెదలు పట్టడం వల్ల వచ్చింది కాదు. ఆ ఓడ ప్రయాణమే ఎవరికీ తెలియకుండా ఉండేలా సాగింది. ఈ స్మారకాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు అది అర్థం కావాలి.

మార్టినిక్ అప్పుడు ఫ్రెంచి కాలనీ. 1830 నాటికి బానిసల వ్యాపారం ఫ్రెంచి చట్టం ప్రకారం నేరం. 1815లో నెపోలియన్ దాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. 1818లో చట్టం వచ్చింది, 1827లో శిక్షలు పెంచారు. అయితే నిషేధించింది మనుషులను సముద్రం దాటించి తేవడాన్ని మాత్రమే. దీవిలో బానిసత్వం మాత్రం పూర్తిగా చట్టబద్ధంగానే ఉండేది. మార్టినిక్‌లో అప్పటికి 80 వేలకు పైగా మనుషులు బానిసలుగా ఉన్నారు. చెరకు తోటలకు మనుషులు కావాలి, కొత్తవాళ్లను తేవడం నేరం, కానీ వచ్చాక వాళ్లతో పని చేయించుకోవడం నేరం కాదు. ఇలాంటి చట్టం ఉన్నచోట దొంగ రవాణా ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఓడలు పెద్ద రేవుల జోలికి పోకుండా, జనం తక్కువగా ఉండే తీరాల దగ్గర మనుషులను దించేవి. ఓడ పేరు, జెండా, కాగితాలు అవసరాన్ని బట్టి మారిపోయేవి. తోటల యజమానులకు ఈ సంగతి తెలుసు, చాలామంది అధికారులకూ తెలుసు.

ఆ రోజు గురించి మిగిలిన వివరాలు ఎక్కువగా ఆ దగ్గర్లోని తోట మేనేజరు దిజాక్, ప్రభుత్వ అధికారులు చెప్పినవే. ఏప్రిల్ 8 మధ్యాహ్నం నుంచే ఒక ఓడ తీరానికి మరీ దగ్గరగా తచ్చాడుతూ కనిపించింది. తర్వాత బండలున్న ఆ ప్రమాదకరమైన చోటే లంగరు వేసింది. రాత్రి దాదాపు 11 గంటలకు అరుపులు, కర్రలు విరుగుతున్న చప్పుడు వినిపించాయి. తీరానికి పరుగెత్తినవాళ్లకు ఓడ అప్పటికే బండల మీద బద్దలవుతూ కనిపించింది. విరుగుతున్న తెరచాప స్తంభాన్ని పట్టుకుని మనుషులు వేలాడుతున్నారు. రక్షించడానికి నీళ్లలోకి దిగినవారిలో ఆ తోటలో బానిసలుగా పనిచేస్తున్నవాళ్లూ ఉన్నారు.

ప్రాణాలతో బయటపడినవాళ్లు 86 మంది ఆఫ్రికన్లు. నావికుల్లో ఎవరూ మిగల్లేదు. ఒడ్డుకు చేరిన శవాలు 46. ఓడలో మొత్తం సుమారు 300 మంది ఉండవచ్చన్నది అంచనా. అది అంచనాగానే మిగిలిపోతుంది, ఎందుకంటే లెక్క తెలిసినవాళ్లు లెక్కతోపాటే పోయారు.

ఈ అంకెల్లో ఒకదాని దగ్గర ఆగి చూడాలి. బతికిన 86 మందిలో ఆడవాళ్లు 60, మగవాళ్లు 26. బానిస ఓడల్లో సాధారణంగా మగవాళ్లే ఎక్కువగా ఉండేవారు. మరి బతికినవాళ్లలో ఆడవాళ్లు రెట్టింపు కంటే ఎక్కువ ఎలా అయ్యారు? జవాబు ఓడలో మనుషులను ఉంచే పద్ధతిలోనే ఉంది. తిరగబడతారన్న భయంతో మగవాళ్లను జంటలు జంటలుగా కాళ్లకు ఇనప సంకెళ్లు వేసి కింది అరలో కుక్కేవారు. ఆడవాళ్లను, పిల్లలను వేరే అరలో ఉంచి, చాలాసార్లు సంకెళ్లు లేకుండా వదిలేవారు. ఓడ పగిలినప్పుడు ఈత వచ్చినా రాకపోయినా కాళ్లు ఆడించగలిగినవాళ్లకు కాస్త అవకాశం దొరికింది. సంకెళ్లలో ఉన్నవాళ్లకు అదీ దొరకలేదు. ఆ రాత్రి సముద్రం ఎంతమందిని చంపిందో, ఇనుము ఎంతమందిని చంపిందో విడదీసి చెప్పలేం గానీ, దీన్ని ఒట్టి ఓడ ప్రమాదం అనడం మాత్రం సరికాదు. గాలి, అలలు, బండలు అందరికీ ఒక్కటే. చావు మాత్రం అందరికీ ఒకేలా రాలేదు.

చనిపోయాక కూడా తేడా చూపించారు. దొరికిన శవాల్లో తెల్ల నావికులను ఊరి శ్మశానంలో పూడ్చారు. నల్లవాళ్లను శ్మశానంలోకి రానివ్వలేదు, తీరానికి దగ్గర్లోనే పాతిపెట్టారు. మనుషులను దొంగతనంగా రవాణా చేసినవాళ్లకు పవిత్రమైన నేల దొరికింది. దొంగిలించి తెచ్చిన మనుషులకు ఇసుక దొరికింది. ఇప్పుడు విగ్రహాలు నిలబడింది ఆ తీరం పక్కనే.

బతికిన 86 మంది కథ మరీ విచిత్రం. వాళ్లు బానిసలా, కాదా? చట్టవిరుద్ధంగా తెచ్చినవాళ్లు కాబట్టి వాళ్లను అమ్మడానికి వీల్లేదు. అలాగని వాళ్లు స్వతంత్రులని ప్రకటించి దీవిలో వదిలేయడానికి ప్రభుత్వం సిద్ధంగా లేదు. నిన్నమొన్న ఆఫ్రికా నుంచి వచ్చిన నల్లవాళ్లు స్వేచ్ఛగా తిరుగుతుంటే, పక్క తోటలో పుట్టి పెరిగిన బానిస ఏమని ఆలోచిస్తాడు? తోటల యజమానులకు పట్టుకున్న టెన్షన్ అది. చివరికి 1830 జూలైలో వాళ్లను అక్కడి నుంచి దక్షిణ అమెరికాలోని మరో ఫ్రెంచి కాలనీ, ఫ్రెంచ్ గయానాలోని కయెన్‌కు పంపించేశారు. అట్లాంటిక్ దాటించి, ఓడ పగిలి, కళ్లముందే తోటివాళ్లు మునిగిపోతుంటే చూసి, మూడు నెలల తర్వాత మళ్లీ ఓడ ఎక్కవలసి వచ్చిన మనుషులు వాళ్లు. ఈ రెండో ప్రయాణం మొత్తం చట్టం ప్రకారమే జరిగింది. మొదటిది నేరం, రెండోది పరిపాలన. ఎక్కినవాళ్ల ఇష్టాన్ని రెండింటిలోనూ ఎవరూ అడగలేదు.

సరిగ్గా అదే జూలైలో పారిస్‌లో తిరుగుబాటు జరిగి రాజు మారాడు. కొత్త ప్రభుత్వం 1831 మార్చిలో మరింత కఠినమైన చట్టం తెచ్చింది. అదే ఏడాది ఒకరి ఓడలను మరొకరు తనిఖీ చేసుకునేలా బ్రిటన్‌తో ఒప్పందం కూడా కుదుర్చుకుంది. దాంతో ఫ్రెంచి దీవులకు దొంగ రవాణా దాదాపు ఆగిపోయింది. అంటే అన్స్ కఫార్‌లో పగిలిన ఓడ ఆ అక్రమ వ్యాపారం చిట్టచివరి రోజులది. ఏడాది ఆగి ఉంటే ఆ ప్రయాణమే జరిగేది కాదేమో అనిపిస్తుంది.

ఈ తీరం నుంచి చూస్తే సముద్రంలో ఒక పెద్ద రాతి గుట్ట కనిపిస్తుంది. డైమండ్ రాక్ అంటారు, 175 మీటర్ల ఎత్తు. 1804లో, బ్రిటన్, ఫ్రాన్స్ యుద్ధంలో ఉన్న కాలంలో, బ్రిటిష్ నౌకాదళం ఆ రాయిని ఆక్రమించి పైకి ఫిరంగులు ఎక్కించింది. అంతటితో ఆగకుండా ఆ రాయిని తమ నౌకాదళంలో ఒక యుద్ధనౌకగా రికార్డుల్లో రాసుకుంది. రాయికి ఓడ హోదా, పేరు, కమాండరు, సిబ్బంది లెక్కలు అన్నీ వచ్చాయి. 1805 జూన్‌లో ఫ్రెంచివాళ్లు దాన్ని తిరిగి పట్టుకునే దాకా జరిగిన ప్రతి సంగతీ నమోదైంది. ఒకే తీరం, పాతికేళ్ల తేడా. కదలని రాయి ఓడగా కాగితాల్లోకి ఎక్కింది. మూడు వందల మంది మనుషులతో కదిలి వచ్చిన ఓడ మాత్రం ఏ కాగితంలోనూ తన పేరు మిగల్చలేదు. చరిత్రలో ఏది మిగులుతుందన్నది చాలావరకు రాసేవాళ్ల అవసరాన్ని బట్టే ఉంటుందని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

అలాంటి చోట స్మారకం కట్టాల్సిన శిల్పికి ఉన్న దారులు తక్కువ. పేర్లు కల్పించకూడదు. ఓడ ఎలా ఉండేదో తెలియదు కాబట్టి ఓడ బొమ్మా చెక్కలేడు. వలేర్ తనకు కచ్చితంగా తెలిసిన సంగతులనే తీసుకున్నాడు. వాళ్లు ఎటు నుంచి వచ్చారో తెలుసు, అందుకే విగ్రహాల చూపు 110 డిగ్రీల వైపు. వాళ్లను ఏ వ్యాపారం తెచ్చిందో తెలుసు, అందుకే విగ్రహాలను త్రికోణంగా నిలబెట్టాడు. యూరప్ నుంచి సరుకు ఆఫ్రికాకు, ఆఫ్రికా నుంచి మనుషులు అమెరికా ఖండాలకు, అక్కడి నుంచి చక్కెర, కాఫీ తిరిగి యూరప్‌కు వెళ్లే ఆ వ్యాపారాన్ని త్రికోణ వ్యాపారం అంటారు. కరీబియన్ దీవుల్లో అంత్యక్రియలకు తెలుపు రంగు సంప్రదాయం, అందుకే విగ్రహాలు తెల్లనివి. ఆ తెలుపు కోసం ట్రినిడాడ్ నుంచి తెప్పించిన ఇసుకను కాంక్రీటులో కలిపారు. విగ్రహాల ముఖాలు వేర్వేరు మనుషులవిగా గుర్తుపట్టేలా ఉండవు. చూసేవాళ్లలో కొందరికి అది లోపంలా అనిపించవచ్చు. కానీ ఒక్కొక్కరికి ఒక్కో ముఖం చెక్కి ఉంటే, లేని సమాచారాన్ని ఉన్నట్టు చూపించినట్టయ్యేది. తెలియని దాన్ని తెలియనిదిగానే నిలబెట్టడం వల్లే ఈ స్మారకం నమ్మదగ్గది అయింది.

ఇది ఆ ఒక్క ఓడకే పరిమితమైన గుర్తు కూడా కాదు. అట్లాంటిక్ బానిస వ్యాపారంలో సుమారు 1.25 కోట్ల మందిని ఆఫ్రికాలో ఓడలెక్కించారని, వారిలో 1.07 కోట్ల మంది మాత్రమే అవతలి తీరం చేరారని చరిత్రకారుల అంచనా. మిగిలిన 18 లక్షల మంది దారిలోనే పోయారు. వాళ్లలో ఎక్కువమందిని నడి సముద్రంలో విసిరేశారు. అక్కడ స్మారకం కట్టలేరు. ఇలాంటి తీరాలే ఆ నడి సముద్రం తరఫున కూడా నిలబడాల్సి వస్తుంది.

ఫ్రాన్స్‌లోని నాంత్ నగరంలో ఉన్న స్మారకంతో పోలిస్తే ఈ సంగతి ఇంకా స్పష్టమవుతుంది. బానిసల వ్యాపారంలో ఫ్రాన్స్‌లోకెల్లా పెద్ద రేవు నాంత్. 2012లో అక్కడ లువార్ నది ఒడ్డున తెరిచిన స్మారకంలో, నడక దారి పొడవునా 2,000 గాజు పలకలు నేలలో పొదిగారు. వాటిలో 1,710 పలకల మీద ఆ రేవు నుంచి బానిసల కోసం బయల్దేరిన ఓడల పేర్లు, తేదీలు ఉన్నాయి. మిగిలిన 290 పలకల మీద వ్యాపారం జరిగిన రేవుల పేర్లు. తన నేరాన్ని ఒక నగరం ఇలా ఓడ ఓడగా ఒప్పుకోవడం పెద్ద విషయమే. కానీ అక్కడ కూడా నేలమీద చదవగలిగేవి ఓడల పేర్లే, ఓడల్లో ఉన్నవాళ్ల పేర్లు కావు. వ్యాపారి పుస్తకంలో ఓడకు పేరుంటుంది, సరుకుకు ఉండదు. ఓడ బయల్దేరిన చోటా, ఓడ పగిలిన చోటా మనిషి పేరుండాల్సిన చోటు ఖాళీగానే ఉంది.

కాప్ 110 కట్టిన 1998కి ఒక కారణం ఉంది. ఫ్రెంచి కాలనీల్లో బానిసత్వం రద్దయి అప్పటికి 150 ఏళ్లు. 1848 ఏప్రిల్ 27న పారిస్‌లో రద్దు ఉత్తర్వు జారీ అయింది. అది దీవికి చేరకముందే, మే 22న మార్టినిక్‌లోని బానిసలు తిరగబడ్డారు. మర్నాడు గవర్నరు రద్దు ప్రకటించక తప్పలేదు. ఈ రెండు తేదీల మధ్య గొడవ ఇప్పటికీ ఆరలేదు. విముక్తి పారిస్ ఇచ్చిందా, ఇక్కడివాళ్లు సాధించుకున్నారా? దశాబ్దాల పాటు దీవిలో విగ్రహాలు మొదటి జవాబే చెప్పాయి. రద్దు ఉత్తర్వు వెనుక ఉన్న ఫ్రెంచి నాయకుడు విక్టర్ షోల్షేర్‌కు విగ్రహాలు కట్టారు. మార్టినిక్‌లో పుట్టి నెపోలియన్‌ను పెళ్లాడిన జోసెఫిన్ విగ్రహం రాజధాని ఫోర్-ద-ఫ్రాన్స్ నడిబొడ్డున ఉండేది. 1802లో కాలనీల్లో బానిసత్వాన్ని నిలబెట్టిన నెపోలియన్ భార్య ఆమె. 1991లో ఎవరో ఆ విగ్రహం తల నరికేశారు. ఆ తల మళ్లీ పెట్టలేదు. 2020 మే 22న యువకులు షోల్షేర్ విగ్రహాలు రెండింటిని కూలదోశారు, జూలైలో జోసెఫిన్ విగ్రహం కూడా నేలకూలింది.

షోల్షేర్ నిజాయితీగా పోరాడిన మనిషి, ఆయన విగ్రహం మీద కోపం ఆయన మీద కోపమే అనుకోనక్కర్లేదు. కోపమంతా బానిసలుగా బతికినవాళ్లు ఎక్కడా కనిపించకుండా, వాళ్లను విడిపించినవాళ్లు మాత్రమే కనిపించడం మీద. కాప్ 110 ఆ గొడవలన్నిటి మధ్య నిలబడి ఉండటానికి కారణం అదే. అందులో రక్షకుడు లేడు, ఉత్తర్వు చేతిలో పట్టుకున్న పెద్దమనిషి లేడు. సంకెళ్లు తెంచుకుంటున్న వీరుడి భంగిమ కూడా లేదు. ఇది శోకం మాత్రమే, పైగా తమ వాళ్ల కోసం ఆ దీవివాళ్లే కట్టుకున్నది. ఆ చోటు అందంగా ఉండటం వల్ల రోజూ పర్యాటకులు వచ్చి ఫొటోలు తీసుకుంటారు. అందులో తప్పు లేదు గానీ, కనీసం అక్కడి వివరాల పలకల దగ్గర ఆగి చదవకుండా వెళ్లడం మాత్రం బాధాకరం. విగ్రహాలు తమంతట తాము ఎంత చెప్పినా, 60, 26 అనే ఆ రెండు అంకెలు చెప్పలేవు.

1848 తర్వాత జరిగినదానితో తెలుగువారికి కూడా కొంత సంబంధం ఉంది. బానిసలు విముక్తులయ్యాక చెరకు తోటల యజమానులు మనుషుల కోసం భారతదేశం వైపు చూశారు. మార్టినిక్‌కు ఒప్పంద కూలీలతో మొదటి ఓడ 1853లో చేరింది. ఆ తర్వాత మూడు దశాబ్దాల్లో సుమారు 25 వేల మంది భారతీయులు ఆ దీవికి వెళ్లారు. వారిలో ఎక్కువమంది పుదుచ్చేరి, కారైకాల్ రేవుల నుంచి ఓడెక్కిన తమిళులు. అయితే ఈ దారి తెరవడానికి చేసిన తొలి ప్రయోగాల్లో ఒకటి గోదావరి తీరంలోని యానాం నుంచే జరిగింది. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ అప్పటికి ఫ్రెంచివాళ్ల మరో చెరకు దీవి. 1828లోనే యానాం నుంచి తెలుగు కూలీల చిన్న గుంపును అక్కడికి తీసుకెళ్లారు. అన్స్ కఫార్‌లో ఓడ పగలడానికి రెండేళ్ల ముందు మాట ఇది. ఈ రెండు ప్రయాణాలూ ఒకటే అనడం తప్పు. ఒకరిని గొలుసులతో అమ్మారు, మరొకరితో ఒప్పంద కాగితం రాయించుకున్నారు. కానీ రెండింటి వెనుక ఉన్న అవసరం ఒక్కటే. దొంగ రవాణా కష్టమవుతున్నకొద్దీ చెరకు తోటలు చట్టం ఒప్పుకునే ఇంకో దారి వెతుక్కున్నాయి.

ఫ్రాన్స్ పార్లమెంటు 2001 మేలో బానిసత్వాన్ని, బానిసల వ్యాపారాన్ని మానవజాతిపై నేరంగా గుర్తిస్తూ చట్టం చేసింది. దాన్ని ప్రతిపాదించిన ఎంపీ క్రిస్టియాన్ టోబిరా పుట్టింది కయెన్‌లో. అన్స్ కఫార్‌లో బతికి బయటపడ్డవాళ్లను పంపించేసింది ఆ ఊరికే. 1830లో దొంగ సరుకు కేసుగా చూసినదాన్ని చట్టం 171 ఏళ్ల తర్వాత సరైన మాటతో పిలిచింది. అయితే గుర్తింపు వేరు, పరిహారం వేరు. 1849లో ఫ్రాన్స్ పరిహారం ఇచ్చింది, కానీ అది ‘ఆస్తి’ పోగొట్టుకున్న యజమానులకు. ఎవరి దగ్గర ఎంతమంది ఉండేవారో లెక్కలు ఉన్నాయి కాబట్టి చెల్లింపు సులువైంది. బానిసలుగా బతికినవాళ్లకు ఏమీ ఇవ్వలేదు. 2001 చట్టాన్ని ఆధారం చేసుకుని మార్టినిక్‌లో బానిసల వారసులు పరిహారం కోసం కోర్టుకెక్కారు. ఏళ్ల తరబడి నడిచిన ఆ వ్యాజ్యాన్ని ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం 2023 జూలైలో కొట్టేసింది. పూర్వీకులు పడ్డ బాధల వల్ల తమకు వ్యక్తిగతంగా జరిగిన నష్టాన్ని వారసులు రుజువు చేయలేకపోయారన్నది కోర్టు చెప్పిన కారణం.

1848లో విముక్తులైన 70 వేల మందికి పైగా మనుషులకు అప్పటి గుమాస్తాలు ఇంటి పేర్లు పెట్టి రిజిస్టర్లలో రాశారు. ఇవాళ దీవిలో తమ మూలాలు వెతుక్కునేవాళ్లకు ఆ రిజిస్టర్లే ఆధారం. అన్స్ కఫార్‌లో మునిగినవాళ్లు ఆ రిజిస్టర్ల దాకా కూడా రాలేదు. వాళ్ల తరఫున కోర్టుకు వెళ్లగలిగే వారసుడెవరో, అసలు ఉన్నాడో లేడో తేల్చే కాగితం లేదు. ఆ కాగితం లేకుండా చూసుకున్నది ఆ ఓడను నడిపినవాళ్లు, అది తెచ్చే మనుషుల కోసం ఎదురుచూసినవాళ్లు.